తొలి గుక్క
(పుట్టుకతోనే అన్నవాహిక తెగి ఉన్న పసికందులు, వారి శస్త్రచికిత్స)

— ఒక పూర్వ విద్యార్థి

విద్యార్థి సంఘం కార్యదర్శి ఇంటికి వచ్చి, "సార్, కథలూ కవితలూ బోలెడు వచ్చాయి, సైన్సు వ్యాసం ఒక్కటీ లేదు. మీరు ఏదో ఒకటి రాయాల్సిందే" అని కూర్చున్నాడు. ఈ కళాశాలలో బి.యస్సీ. చదివి వెళ్ళినవాణ్ణి, కాదనలేకపోయాను. అయితే నాకు తెలిసిన విద్య ఒక్కటే, పసిపిల్లల శస్త్రచికిత్స. అందులోనూ ముప్ఫై ఏళ్ళకు పైగా నన్ను వదలకుండా పట్టుకున్న జబ్బు ఒకటుంది. దాన్ని గురించే రాస్తున్నాను. వైద్యం చదివేవాళ్ళ కోసం కాదు, రేపు తల్లిదండ్రులు, మేనమామలు, పిన్నులు, బాబాయిలు కాబోతున్న మీ అందరి కోసం.

అన్నం తింటూ మాట్లాడితే పొలమారుతుంది. అమ్మ మాడు మీద తట్టి "ఎవరో తలుచుకుంటున్నార్రా" అంటుంది. తలుచుకునేవాళ్ళ మాట ఎలా ఉన్నా, అసలు సంగతి ఇది. గొంతులో రెండు దారులు పక్కపక్కనే ఉన్నాయి. ముందున్నది గాలి వెళ్ళే శ్వాసనాళం, వెనకున్నది అన్నం వెళ్ళే అన్నవాహిక. మెతుకు పొరపాటున ముందు దారిలో అడుగు పెడితే శరీరం దగ్గి దాన్ని బయటికి తరుముతుంది. మా రోజుల్లో జువాలజీ ప్రాక్టికల్సులో కప్ప నోరు తెరిచి, ఒక ద్వారంలో పుల్ల పెట్టి "ఇది గల్లెట్ సార్", ఇంకో ద్వారంలో పెట్టి "ఇది గ్లాటిస్ సార్" అని చూపించి మార్కులు వేయించుకునేవాళ్ళం. ఆ రెండు దారుల మధ్య గోడ ఎంత ముఖ్యమో అప్పుడు తెలియలేదు.

ఒక గొట్టం రెండు కావడం

పిండానికి నాలుగో వారం నడుస్తున్నప్పుడు ఈ రెండు దారులూ వేర్వేరుగా ఉండవు. ముందుపేగు అనే ఒకే గొట్టం ఉంటుంది. దాని ముందుగోడ నుంచి ఊపిరితిత్తుల మొగ్గ తొడిగి కిందికి పెరుగుతుంది. క్రమంగా ముందు భాగం శ్వాసనాళంగా, వెనక భాగం అన్నవాహికగా విడిపోతాయి. రెండు మూడు వారాల్లో, తల్లికి తాను గర్భవతినని గట్టిగా తెలిసే వేళకే, ఈ పని ముగిసిపోతుంది.

సుమారు 2500 నుంచి 4500 జననాల్లో ఒకచోట ఈ విడిపోవడం సరిగా జరగదు. దీన్నే వైద్యులు ఈసోఫేజియల్ అట్రీషియా అంటారు. ఇందులో రకాలున్నాయి. బోస్టన్ సర్జన్ రాబర్ట్ గ్రాస్ 1953లో వాటికి అక్షరాలతో పేర్లు పెట్టాడు. నూటికి 85 మందికి పైగా కనిపించే రకం ఇది: అన్నవాహిక పై ముక్క మెడ కింద గుడ్డిసంచిలాగా మూసుకుపోయి ఉంటుంది. కింది ముక్క కడుపు నుంచి పైకి వచ్చి, పై ముక్కను కలవాల్సింది పోయి శ్వాసనాళంలోకి తెరుచుకుంటుంది. ఈ దొంగదారి పేరే ఫిస్టులా. ఏడెనిమిది మందిలో దొంగదారి ఉండదు, రెండు ముక్కలూ మూసుకుపోయి చాలా ఎడంగా ఉంటాయి. నలుగురైదుగురిలో అన్నవాహిక తెగదు గాని మధ్యలో ఒక చిన్న దొంగదారి మాత్రం ఉంటుంది. మిగిలిన రకాలు బహు అరుదు.

ఇలా ఎందుకు జరుగుతుందని ప్రతి తల్లీ అడుగుతుంది. అడిగేది ఆమె, కాని నిందించేవాళ్ళు చుట్టూ ఉంటారు. గ్రహణం రోజు బయటికి వచ్చిందనో, బరువు ఎత్తిందనో, ఏదో తినకూడనిది తిన్నదనో అంటారు. అవన్నీ ఒట్టి మాటలు. కొద్దిమందిలో క్రోమోజోముల లోపం కనిపిస్తుంది. ఎక్కువమందిలో ఇదీ కారణమని చూపించడానికి ఏమీ ఉండదు. తల్లి చేసిన తప్పు మాత్రం కాదు. తర్వాతి కాన్పులో మళ్ళీ ఇదే రావడం చాలా అరుదు. ఈ రెండు మాటలూ ఆ ఇంట్లో అత్తగారి ఎదుట, భర్త ఎదుట పైకి చెప్పడం కూడా చికిత్సలో భాగమే.

నురగ చెప్పే మాట

గర్భంలో శిశువు ఉమ్మనీరు మింగుతూ ఉంటుంది. మింగే దారి మూసుకుపోతే ఆ నీరు తల్లి గర్భంలో పేరుకుంటుంది. అందుకే ఉమ్మనీరు మరీ ఎక్కువగా ఉందని స్కానింగులో తేలితే అనుమానించాలి. పుట్టాక మొదటి గుర్తు నురగ. బిడ్డ నోటి నుంచి, ముక్కు నుంచి సబ్బు నురగలాగా చొంగ కారుతూనే ఉంటుంది. తుడిస్తే మళ్ళీ వస్తుంది. పాలు పడితే ఉక్కిరిబిక్కిరై, దగ్గి, నీలంగా మారుతుంది.

పరీక్ష చాలా సులువు. కాస్త బిరుసైన సన్నటి రబ్బరు గొట్టాన్ని నోటి ద్వారా లోపలికి పంపాలి. మామూలు బిడ్డలో అది కడుపులోకి జారుతుంది. ఈ బిడ్డలో చిగుళ్ళ నుంచి 10 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. గొట్టం మరీ మెత్తగా ఉంటే పై సంచిలో చుట్టలు చుట్టుకుని, దిగినట్టే మోసం చేస్తుంది. అలాగే ఉంచి ఎక్స్‌రే తీస్తే గొట్టం ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. కడుపులో గాలి కనిపిస్తే కింద దొంగదారి ఉన్నట్టు. గాలి బొత్తిగా లేకపోతే ఫిస్టులా లేనట్టు, ముక్కల మధ్య ఎడం ఎక్కువని అర్థం.

ఈ బిడ్డకు గండం రెండువైపుల నుంచి వస్తుంది. పై సంచి నిండి చొంగ, పాలు ఊపిరితిత్తుల్లోకి పొర్లుతాయి. కింది దొంగదారి గుండా కడుపులోని ఆమ్లం నేరుగా ఊపిరితిత్తుల్లోకి ఎగదన్నుతుంది. రెండోది మొదటిదానికంటే ప్రమాదం.

ఇక్కడ మన ఇళ్ళ సంగతి కొంచెం చెప్పుకోవాలి. "ఉగ్గుపాలతో నేర్చిన విద్య" అంటాం. ఆ ఉగ్గు ఏమిటి? పాలలో కలిపిన ఆముదం. ఇంకొన్ని చోట్ల తేనె, పంచదార నీళ్ళు, గాడిదపాలు. బిడ్డ పుట్టగానే పెద్దవాళ్ళు ప్రేమతోనే నాలుకకు రాస్తారు. మామూలు బిడ్డకే అది మంచిది కాదు, మొదటి గంటలో తల్లిపాలే పట్టాలి. అన్నవాహిక తెగిన బిడ్డ ఊపిరితిత్తిలోకి ఆముదం దిగితే, సర్జను చేతికి రాకముందే సగం యుద్ధం ఓడిపోయినట్టే.

మూడు వందల ఏళ్ళ ఓటమి

ఈ లోపాన్ని 1670లో విలియం డర్‌స్టన్ అనే ఆంగ్ల వైద్యుడు, అతుక్కుని పుట్టిన కవలల్లో ఒకరిలో చూసి రాశాడు. 1697లో థామస్ గిబ్సన్ మనం ఇప్పుడు సర్వసాధారణమంటున్న రకాన్ని ఉన్నదున్నట్టు వర్ణించాడు. 1888లో లండన్‌లో చార్లెస్ స్టీల్ ఆపరేషనుకు ప్రయత్నించాడు గాని బిడ్డ దక్కలేదు. 1940లో బోస్టన్‌లో లాన్‌మన్ తన ఆసుపత్రి అనుభవంలోని 32 మంది శిశువుల కథ ప్రచురించాడు. ఒక్కరూ బతకలేదు. ఓటమిని దాచకుండా రాయడం వైద్యంలో ఎంత విలువైనదో చెప్పడానికి ఆ వ్యాసం ఒక ఉదాహరణ. ఎక్కడ పొరపాటు జరుగుతోందో తర్వాతివాళ్ళు దానిలోనే వెతుక్కున్నారు.

1939 నవంబరులో మినియాపొలిస్‌లో లెవెన్, బోస్టన్‌లో లాడ్ చికిత్స చేసిన ఇద్దరు శిశువులు మొట్టమొదటిసారిగా బతికి బయటపడ్డారు. దొంగదారి మూసి, కడుపులోకి నేరుగా గొట్టం వేసి పాలు పట్టారు. తర్వాత దఫదఫాలుగా ఆపరేషన్లు చేసి ఛాతీ ముందు కొత్త దారి కట్టారు. చివరికి 1941 మార్చి 15న మిషిగన్ విశ్వవిద్యాలయంలో కామెరాన్ హైట్ పన్నెండు రోజుల ఆడశిశువుకు రెండు ముక్కలనూ నేరుగా కలిపి కుట్టాడు. కుట్టు కారింది, దానంతట అదే మానింది. తర్వాత ఇరుకైంది, ఒకసారి సాగదీశారు. ఆ పాప బతికింది. ఇప్పటికీ మనం చేసేది మూలంలో అదే ఆపరేషను.

అంకెలు, నా తప్పు

ఆపరేషను వచ్చింది సరే, అందరూ ఎందుకు బతకడం లేదు? లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో డేవిడ్ వాటర్‌స్టన్, ఆయన సహచరులు 218 మంది శిశువుల వివరాలు తీసి, 1962లో వారిని మూడు వర్గాలు చేశారు. 'ఏ' వర్గం: రెండున్నర కిలోలు దాటి, మిగతా విధాల బాగున్నవాళ్ళు. 'బి' వర్గం: 1.8 నుంచి 2.5 కిలోల వాళ్ళు, లేదా బరువున్నా ఒక మోస్తరు న్యుమోనియా గాని మరో లోపం గాని ఉన్నవాళ్ళు. 'సి' వర్గం: 1.8 కిలోలకు తక్కువ, లేదా తీవ్రమైన న్యుమోనియా, తీవ్రమైన మరో లోపం ఉన్నవాళ్ళు. బతికినవాళ్ళు 'ఏ'లో నూటికి 95, 'బి'లో 68, 'సి'లో 6.

ఈ పట్టికను మా తరం కంఠస్థం చేసింది. పరీక్షలో అడిగితే నిద్రలో కూడా చెప్పేవాళ్ళం. నేను ఒకసారి పరీక్ష హాలు బయట చెప్పాను.

1986. నేను పోస్టుగ్రాడ్యుయేట్ విద్యార్థిని. రాత్రి పదకొండు గంటలకు ఒక చేనేత కార్మికుడు, ఆయన అత్తగారు పాత చీరలో చుట్టిన బిడ్డతో వచ్చారు. మూడో రోజు శిశువు. బరువు 1700 గ్రాములు. రెండు రోజులపాటు పంచదార నీళ్ళు, ఆముదం పట్టారు. ఊపిరితిత్తుల్లో రెండువైపులా చెమ్మ. గొట్టం పది సెంటీమీటర్ల దగ్గర ఆగింది. ఆయన నిలబడే అడిగాడు: "ఇలాంటివాళ్ళు నూటికి ఎంతమంది బతుకుతారు బాబూ?"

"ఆరుగురు" అన్నాను.

ఆయన వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నాడు. మగ్గం ఆగిపోయిన రోజుల కూలో, ఇంటి దగ్గర ఉన్న బాలింతో, నాకు తెలియదు. అత్తగారితో రెండు మాటలు మాట్లాడి, నాకు దణ్ణం పెట్టి, బిడ్డను తీసుకుని వెళ్ళిపోయాడు. నేను ఆపలేదు.

మర్నాడు రౌండ్స్‌లో మా ప్రొఫెసరుగారు అడిగారు. "ఏమయ్యా, ఆరు అని చెప్పావట. ఎక్కడి ఆరు అది?"

"పుస్తకంలోది సార్."

"ఏ ఊరి పిల్లలు? ఏ ఏడు?"

"లండన్ సార్. 1962."

"మన వార్డు అంకె ఎంత?"

నాకు తెలియదు. ఆ మాటకొస్తే ఎవరికీ తెలియదు, ఎవరూ లెక్క రాయలేదు. ఆయన గొంతు పెంచలేదు. "నీకు తెలియని అంకె చెప్పి పంపించావు" అని మాత్రం అని తర్వాతి మంచానికి వెళ్ళిపోయారు.

ఆ బిడ్డ ఆపరేషను చేస్తే బతికేదని నేను ఈనాటికీ అనలేను. ఆ రోజుల్లో మా దగ్గర ఉన్న సదుపాయాలతో బతకకపోయే అవకాశమే ఎక్కువ. నా తప్పు అది కాదు. వాటర్‌స్టన్ ఆ పట్టిక వేసింది ఏ బిడ్డ మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలో, ఎవరికి ఆపరేషను ఆపి ముందు ఊపిరితిత్తులు బాగుచేయాలో తెలుసుకోవడానికి. నేను దాన్ని తీర్పులా చదివాను. చూస్తాం, ప్రయత్నిస్తాం, రెండు రోజులు ఉండండి అని ఉండొచ్చు. అనలేదు.

అంకె ఎలా మారింది

అదే 1962లో బోస్టన్ వర్గానికి చెందిన హోల్డర్ మొదలైనవాళ్ళు ఇంకో మాట చెప్పారు. బలహీనమైన బిడ్డకు అంతా ఒక్కరోజే చేయనక్కర్లేదు, దఫాలుగా చేయండి అన్నారు. మరుసటి ఏడాది రెప్లోగల్ రెండు దారులున్న గొట్టం ఒకటి తయారుచేశాడు. అది పై సంచిలో ఉండి చొంగను ఎప్పటికప్పుడు పీలుస్తుంది, సంచి గోడకు అతుక్కోదు. 1968లో ఫిలడెల్ఫియాలో విల్మోర్, డుడ్రిక్ నోటితో పని లేకుండా రక్తనాళం ద్వారానే పూర్తి ఆహారం ఇచ్చి ఒక శిశువును పెంచి చూపించారు. 1971లో శాన్ ఫ్రాన్సిస్కోలో గ్రెగరీ, నెలలు నిండని పిల్లల ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా గాలి ఒత్తిడితో నిలిపే పద్ధతి చెప్పాడు. 1970ల మధ్యలో ప్రోస్టాగ్లాండిన్ అనే మందుతో కొన్ని గుండె లోపాల పిల్లలను ఆపరేషను దాకా నిలబెట్టడం సాధ్యమైంది. 1980లో జపాన్‌లో ఫుజివారా ఊపిరితిత్తుల జిగురు పదార్థమైన సర్ఫాక్టెంట్‌ను బయటి నుంచి అందించాడు.

గమనించారా? వీటిలో ఒక్కటీ అన్నవాహికను కుట్టే విద్య కాదు. అన్నీ బిడ్డను ఆ కుట్టు దాకా తీసుకువెళ్ళే విద్యలు.

ఫలితం చూడండి. 1994లో అదే లండన్ ఆసుపత్రి నుంచి లూయిస్ స్పిట్జ్ బృందం 1980 నుంచి 1992 వరకు వచ్చిన 372 మంది శిశువుల లెక్క తీసింది. న్యుమోనియా ఇక గీటురాయి కాకుండా పోయింది. మిగిలినవి రెండే: పుట్టినప్పటి బరువు 1500 గ్రాములకు తక్కువా, పెద్ద గుండె లోపం ఉందా. రెండూ లేనివాళ్ళలో నూటికి 97 మంది బతికారు. ఏదో ఒకటి ఉన్నవాళ్ళలో 59. రెండూ ఉన్నవాళ్ళలో 22. 1993 తర్వాతి దశాబ్దపు లెక్కలో అవే 98, 82, 50 అయ్యాయి. మా చేనేత కార్మికుడి బిడ్డకు 1700 గ్రాములు. స్పిట్జ్ పట్టికలో, గుండె బాగుంటే, ఆ బిడ్డ మొదటి వర్గంలోకి వస్తుంది. బిడ్డ అదే. చుట్టూ ఉన్న ఆసుపత్రి వేరు.

బలహీన శిశువుకు ఏం చేస్తారు?

ముందు తొందరపడరు. ఈ జబ్బు పసిపిల్లల శస్త్రచికిత్సే గాని, సాధారణంగా అర్ధరాత్రి పరుగెత్తాల్సినది కాదు. బిడ్డ తల వైపు ఎత్తు చేసి, పై సంచిలో సక్షన్ పెట్టి, వెచ్చగా ఉంచి, ఇతర లోపాల కోసం వెతుకుతారు. సుమారు సగం మందిలో ఇంకేదో ఒక లోపం ఉంటుంది. వెన్నెముక, మలద్వారం, గుండె, మూత్రపిండాలు, చేతుల ఎముకలు వరసగా చూడాలి. గుండెకు ఎకో పరీక్ష తప్పనిసరి. బృహద్ధమని ఎడమకు తిరిగిందా కుడికి తిరిగిందా అన్నదీ దానితోనే తెలుస్తుంది. ఏ వైపు నుంచి ఛాతీ తెరవాలో దాన్నిబట్టి నిర్ణయిస్తారు.

దీనికి ఒక మినహాయింపు ఉంది. నెలలు నిండక, ఊపిరితిత్తులు బిరుసుగా ఉండి, వెంటిలేటరు మీద ఉన్న బిడ్డ సంగతి. యంత్రం తోసే గాలి బిరుసైన ఊపిరితిత్తిలోకి వెళ్ళడం మానేసి, సులువైన దొంగదారి గుండా కడుపులోకి పోతుంది. కడుపు ఉబ్బి డయాఫ్రమ్‌ను పైకి నెట్టి, ఉన్న ఊపిరినీ నొక్కేస్తుంది, ఒక్కోసారి పగులుతుంది. పూర్వం ముందు కడుపులోకి గొట్టం వేసేవాళ్ళు. తీరా చూస్తే గాలంతా ఆ గొట్టం గుండా బయటికి పోయి, ఊపిరితిత్తులకు అసలే అందేది కాదు. కనుక ఇలాంటప్పుడు ముందుగా, త్వరగా, దొంగదారిని మాత్రం కట్టేస్తారు. బిడ్డ తట్టుకుంటే అప్పుడే కలిపి కుడతారు. తట్టుకోకపోతే అక్కడితో ఆపి, కడుపులోకి పాలగొట్టం వేసి, బలం వచ్చాక మిగతాది చేస్తారు. ఎక్కడ ఆపాలో తెలియడమే ఈ విద్యలో పెద్ద పాఠం.

ముక్కల మధ్య ఎడం ఎక్కువైతే ఇంకో ఇబ్బంది. బలవంతంగా లాగి కుడితే తెగుతుంది. గొట్టం ద్వారా పాలు పడుతూ ఎనిమిది నుంచి పన్నెండు వారాలు ఆగితే ముక్కలు వాటంతటవే పెరిగి దగ్గరవుతాయి. అన్ని రోజులూ పై సంచిలో చొంగ నిలవకుండా చూసే నర్సు అక్కడ అసలు వైద్యురాలు. 1997లో ఫోకర్ అనే సర్జను ముక్కల చివర్లకు దారాలు వేసి రోజూ కొద్దికొద్దిగా లాగుతూ పెంచే పద్ధతి ప్రచురించాడు. ఏదీ కుదరనప్పుడు కడుపునే ఛాతీలోకి పైకి తెచ్చి గాని, పెద్దపేగు ముక్క వేసి గాని దారి కడతారు.

ఇంకొందరు పిల్లల్లో మెదడును, గుండెను కలిపి దెబ్బతీసే తీవ్రమైన క్రోమోజోము లోపం ఉంటుంది. వారి విషయంలో ఎంత చేయాలి, ఎక్కడ ఆగాలి అన్నది పట్టిక చెప్పదు. తల్లిదండ్రులతో కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చెప్పి, వాళ్ళు అడిగినన్నిసార్లు మళ్ళీ చెప్పి తేల్చుకోవాల్సిందే.

బల్ల మీద

బిడ్డను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, కుడి చంక కింద నాలుగో పక్కటెముక సందు నుంచి వెళతారు. ఊపిరితిత్తి చుట్టూ ఉన్న పలచటి పొరను చించకుండా, తడి దూదితో నెమ్మదిగా నెట్టుకుంటూ లోపలికి పోవాలి. రేపు కుట్టు కారినా ఆ పొర అడ్డుగా నిలుస్తుంది. దారిలో అజైగస్ అనే సిర వంపు తిరిగి ఉంటుంది, దాని కిందే దొంగదారి. దాన్ని శ్వాసనాళానికి దగ్గరగా కోసి, శ్వాసనాళం ఇరుకవకుండా మూస్తారు. అప్పుడు మత్తు డాక్టరు ముఖం చూడాలి! గాలి సరిగ్గా ఎక్కడం మొదలవగానే ఆయన భుజాలు కిందికి దిగుతాయి. తర్వాత పై సంచిని విడదీసి, అడుగున తెరిచి, పెన్సిలు కంటే సన్నమైన కింది ముక్కతో ఆరు నుంచి పది కుట్లతో కలుపుతారు. దారం మందం ఇంచుమించు తల వెంట్రుకంత. 1999 నుంచి ఇదే పనిని ఛాతీ కోయకుండా, చిన్న రంధ్రాల నుంచి కెమెరాతో చేసే పద్ధతీ వచ్చింది. అది అన్ని చోట్లా, అందరు పిల్లలకూ సరిపడదు.

ఆ తర్వాత

కుట్టు కారడం, అతికిన చోట ఇరుకవడం, దొంగదారి మళ్ళీ తెరుచుకోవడం, కడుపులోని ఆమ్లం పైకి రావడం ఇవన్నీ ఉన్నాయి. ఇరుకైతే మత్తు ఇచ్చి సాగదీస్తారు. కొందరికి ఒకసారి, కొందరికి పదిసార్లు. శ్వాసనాళం గోడ మెత్తగా ఉండటంవల్ల ఈ పిల్లలకు కంచు మోగినట్టుండే దగ్గు చాలా ఏళ్ళు ఉంటుంది. బడిలో టీచరు భయపడి వెనక బెంచీలో కూర్చోబెట్టిన సందర్భాలు నాకు తెలుసు. అది అంటుకునే జబ్బు కాదు. అన్నం నెమ్మదిగా, బాగా నమిలి, మధ్యమధ్య నీళ్ళు తాగుతూ తినాలి. రొట్టె ముక్క, మాంసం ముక్క అడ్డం పడవచ్చు. పెద్దయ్యాక కూడా అప్పుడప్పుడు పరీక్ష చేయించుకోవాలి.

మన దగ్గర

ప్రొఫెసరుగారు అడిగిన వారం నుంచి నేనొక నోటుపుస్తకం పెట్టాను. బరువు, ఏ గంటకు వచ్చారు, ఎంత దూరం నుంచి, ఎలా వచ్చారు, దారిలో ఏం పట్టారు, ఏమైంది. కొన్నేళ్ళు నిండాక తిరగేస్తే నాకు అర్థమైంది ఇది. 'బరువు' గడి కంటే 'ఏం పట్టారు', 'ఎప్పుడు వచ్చారు' అనే గడులే ఎక్కువ చెప్పాయి. మేము 'సి' వర్గం అని రాసుకున్న పిల్లల్లో చాలామంది పుట్టినప్పుడు 'సి' కాదు. వాళ్ళను దారిలో మనమే 'సి' చేశాం. హై రిస్కు బిడ్డ అంటాం గాని, ఆ రిస్కులో కొంత బిడ్డతో పుట్టింది, కొంత మనం కలిపింది. మొదటిది సర్జన్లకు, శాస్త్రజ్ఞులకు వదిలేయండి. రెండోది మనందరి చేతుల్లో ఉంది.

కాలం కొంత మారింది. హైదరాబాదులో 1953 నుంచి నడుస్తున్న నీలోఫర్ ఆసుపత్రి వంటి పెద్దాసుపత్రులు జిల్లాల నుంచి వచ్చే ఇలాంటి పిల్లలను చూస్తున్నాయి. 2005లో 108 అంబులెన్సు వచ్చింది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక డబ్బు లేక బిడ్డను వెనక్కి తీసుకుపోయే తండ్రులు తగ్గారు. అయినా గొట్టం వేసి చూడాలని తట్టక పోగొట్టుకున్న గంటలను ఏ పథకమూ తిరిగి ఇవ్వదు.

కాబట్టి మిత్రులారా, ఇంత రాసింది ఈ నాలుగు ముక్కల కోసమే. పుట్టిన బిడ్డ నోట తుడిచినకొద్దీ నురగ వస్తుంటే పాలు, నీళ్ళు, తేనె, ఆముదం ఏదీ పట్టనివ్వకండి. "గొట్టం వేసి చూడండి" అని నర్సును అడగండి. గొట్టం ఆగితే బిడ్డను ఒంటికి ఆనించి వెచ్చగా, తల కాస్త ఎత్తుగా పెట్టి, కొద్ది నిమిషాలకొకసారి నోట్లో చొంగ పీల్పిస్తూ, పిల్లల సర్జను ఉన్న ఆసుపత్రికి చేర్చండి. నురగ లేని మామూలు బిడ్డకు తల్లిపాలు ఆపకండి సుమా!

కిందటి ఏడు ఒక అమ్మాయి తల్లితో కలిసి మా ఇంటికి శుభలేఖ ఇవ్వడానికి వచ్చింది. పుట్టినప్పుడు 1400 గ్రాములు, గుండెలో రంధ్రం, రెండు దఫాల ఆపరేషను. నా నోటుపుస్తకంలో ఆమె పేజీ ఉంది. కాఫీ తాగుతూ ఒకసారి పొలమారి, ఆ కంచు దగ్గు దగ్గింది. వాళ్ళమ్మ మాడు మీద తట్టి "ఎవరో తలుచుకుంటున్నారు" అంది. పెళ్ళికొడుకే అయివుంటాడని అందరం నవ్వాం.

నాకు మాత్రం ఆ చేనేత కార్మికుడు గుర్తొచ్చాడు. ఆయన అడిగిన ప్రశ్నకు ఇప్పుడైతే ఇలా చెబుతాను: "అంకె తర్వాత చెబుతానయ్యా. ముందు బిడ్డను ఇలా ఇవ్వు."